ఒక్క నొక్కు, రెండు స్టాండ్లు

సోమవారం పొద్దున స్టూడియో అక్క పెట్టుకున్న పని ఒక్కటే. షట్టర్ ఎత్తి, కంప్యూటర్ ముందు కూర్చుని, కెమెరాకు ఒక స్టాండు ఆర్డర్ పెట్టాలి. టీ చల్లారేలోపు అయిపోవాల్సిన పని.

స్టాండు ఆమెకు అవసరమై కాదు. స్టూడియో అక్క స్టాండు వాడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. పాస్‌పోర్టు ఫోటో అయినా, వెలుతురు చాలని హాల్లో గ్రూపు ఫోటో అయినా కెమెరా చేత్తోనే పట్టుకుంటుంది. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కుతుంది. ఫోటో దిగేవాళ్ళు కదిలి ఉండవచ్చు గానీ, అక్క కదిలిన ఫోటో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. "ఈవిడ చేతిలో కెమెరా గోడకు కొట్టిన మేకు" అని నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఎప్పుడో అన్నారు. ఆ మాటను, కౌంటర్ దగ్గర కూర్చునే అత్తగారు వచ్చిన ప్రతి కస్టమర్‌కూ వినిపిస్తారు. విన్నవాళ్ళకు కూడా వినిపిస్తారు.

స్టాండు ఆ అత్తగారి కోరికే. ఇంటి గోడల నిండా ఫోటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ కోడలు లేదు, తీసేది ఆమె కాబట్టి. "చూసినవాళ్ళు మావాడికింకా పెళ్ళి కాలేదనుకుంటున్నారమ్మాయ్" అన్నారు అత్తగారు. వచ్చే ఆదివారం కెమెరాను స్టాండెక్కించి, టైమర్ పెట్టి, నలుగురూ కలిసి ఒక ఫోటో దిగాలని ఇంట్లో తీర్మానమైంది.

నలుగురంటే అక్క, ఆమె భర్త, అత్తగారు, మరిది. భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తాడు. ఎదుటివాళ్ళు బండి నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే చేస్తాడు. మరిది మందుల షాపులో పనిచేస్తాడు. ఆదివారాలు మాత్రం స్టూడియో కంప్యూటర్ ముందు చేరి తుపాకుల ఆట ఆడతాడు. ఇంట్లో ఉన్నదానికి అంత వేగం లేదని అతని వాదన.

స్టూడియో కంప్యూటర్‌కున్న మౌస్ కూడా ఆటల మౌసే. అక్క దాన్ని కొన్నది ఆటకు కాదు, మొటిమలు ఏరడానికి. ముఖాల మీది మచ్చలు తుడవాలంటే తెర మీద బాణం గుర్తు అనుకున్న చోట ఆగాలి. మామూలు మౌస్ జారుతుంది. ఇది జారదు. పెట్టె మీద ముసుగు వేసుకున్న సైనికుడి బొమ్మ, దాని కింద "గురి తప్పదు" అన్న మాట ఉన్నాయి. మౌస్ అడుగు నుంచి ఏడు రంగుల లైట్లు వెలిగేవి. ఆ రంగులు తెర మీద పడి మనుషుల ముఖాల రంగు తప్పుగా కనిపిస్తోందని అక్క వాటికి నల్ల టేపు వేసేసింది. ఆ తర్వాత దానితో ఆమెకు ఏ పేచీ లేదు. ఆ సోమవారం దాకా.

తెర మీద స్టాండు బొమ్మ పక్కనున్న కూడిక గుర్తు ఒకసారి నొక్కింది. ఇంతలో పెన్షన్ కాగితాలకు ఫోటో కావాలంటూ ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. అక్క సంఖ్య చూడకుండానే ఆర్డర్ ముగించి లేచింది. పెద్దాయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీసింది. పెద్దవాళ్ళకు ఎప్పుడూ చేసినట్టే, ముడతలు తగ్గించే గుర్తును ఒక్కసారి నొక్కింది. ఒక నొక్కుకు ఒక మెట్టు తగ్గుతాయి. ప్రింట్లు తీసి కవర్లో పెట్టి ఇచ్చింది. ఆయన చూసుకోకుండానే జేబులో వేసుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"మీ అబ్బాయి ఫోటో ఎందుకండీ, మీది తీసుకురండి అన్నాడమ్మా ఆఫీసులో గుమస్తా" అన్నాడు.

అక్క ఫోటో తీసుకుని చూసింది. గుమస్తా తప్పేమీ లేదు. ఇంకోసారి తీసి ఇస్తానంది, పాతవి వెనక్కి ఇచ్చెయ్యమంది. పెద్దాయన ఇవ్వనన్నాడు. ఆఫీసుకు కావలసినవి వేరే తియ్యమని, ఇవి మాత్రం ఇంట్లో ఉంటాయని చెప్పి జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

ఆయన వెళ్ళాక అక్క పరీక్ష పెట్టింది. చూపుడు వేలితో ఒకసారి నొక్కితే ముడతలు రెండు మెట్లు పోతున్నాయి. నడిమి వేలితో నొక్కినా అంతే, ఎడమ చేత్తో నొక్కినా అంతే. అత్తగారిని పిలిచి నొక్కించింది. మారలేదు.

మౌస్ కంపెనీ సైటులో ఫిర్యాదు రాసింది. మర్యాదగానే రాసి "పంపు" అన్న చోట నొక్కింది. ఆ సైటులో ఒక ఏర్పాటుంది. "పంపు" నొక్కగానే అది మాయమై, అదే చోట "వెనక్కి తీసుకో" అని వస్తుంది. మౌస్ ఆగకుండా దాన్ని కూడా నొక్కింది. ఫిర్యాదు వెళ్ళడమూ రావడమూ ఒకేసారి జరిగిపోయాయి. తెర మీద పూలగుత్తి బొమ్మ వచ్చింది. మీ సమస్య తీరినందుకు సంతోషం అంది కంపెనీ. అక్క మళ్ళీ రాసింది. కంపెనీ మళ్ళీ సంతోషించింది.

ఇక లాభం లేదని ఫోన్ చేసింది. పాట చాలాసేపు విన్నాక ఒక కుర్రవాడు పలికాడు. ఏదో వెతికి చూసి, మీరు పెట్టిన ఫిర్యాదులన్నీ మీరే వెనక్కి తీసుకున్నారు మేడమ్ అన్నాడు.

"నేను తీసుకోలేదు బాబూ. మీ మౌస్ తీసుకుంది."

"మౌస్ దానంతటది ఏదీ చెయ్యదు మేడమ్."

"అదే నా ఫిర్యాదు."

కుర్రవాడు ఆ మాట రాసుకున్నాడు. పై వాళ్ళకు చెబుతానని పెట్టేశాడు.

అక్క అంతటితో ఊరుకోలేదు. తన ఫోన్ తీసి, ఆ మౌస్ అమ్మే చోట అందరికీ కనబడేట్టు, స్టూడియో పేరుతో సహా అభిప్రాయం రాసింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కుతుంది, కొనకండి, అని. ఫోన్‌లోంచి కాబట్టి అది వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఉంది.

కంపెనీ జవాబు మర్నాడు పొద్దున వచ్చింది. అది కూడా అందరికీ కనబడేట్టే వచ్చింది. స్టూడియో పేరు మీద ఎవరు ఏం రాసినా పైకి చదవడం అత్తగారికి అలవాటు. అప్పుడు కౌంటర్ దగ్గర పక్క షాపు టైలర్ ఉన్నాడు. మొదటి మాట "గౌరవనీయులైన" అని ఉండటంతో అత్తగారు పొగడ్త అనుకుని గొంతు పెంచారు.

"గౌరవనీయులైన కస్టమర్‌కు. మా మౌస్‌ను లక్షసార్లు నొక్కి చూశాకే అమ్ముతాం. మా ఉద్యోగులందరం అదే వాడతాం. మాకెవరికీ ఈ ఇబ్బంది రాలేదు. వయసు రీత్యా గానీ, అలసట వల్ల గానీ మీ చెయ్యి వణుకుతూ ఉండవచ్చు. డాక్టరుకు చూపించుకోగలరు."

చివరి రెండు వాక్యాలకు అత్తగారి గొంతు తగ్గింది గానీ, టైలర్ చెవులు తగ్గలేదు. సరిగ్గా అప్పుడే కొరియర్ అతను గుమ్మంలో రెండు పొడుగాటి పెట్టెలు దింపాడు. "స్టాండ్లక్కా, రెండు" అన్నాడు.

టైలర్ పెట్టెల వంక చూశాడు. అక్క చేతి వంక చూశాడు. ఒంట్లో ఎలా ఉంటోందక్కా అని మాత్రం అడిగి, జాకెట్టు కొలతల పని ఉందని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి వీధి చివర దాకా తెలిసింది. ఎన్నడూ స్టాండు ముట్టని మనిషి ఒకేసారి రెండు తెప్పించుకుందంటే, ఏ చేతికి ఆ చేతికి వేరుగా కావాల్సి వచ్చిందన్నమాట.

చెయ్యి వణుకుతుందన్న మాట అక్కకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మౌస్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కెమెరా పోయినా అంతే. ఆమె బతుకుతున్నది చెయ్యి మీద. పైగా శనివారం నర్సింగ్ కాలేజీలో గ్రూపు ఫోటో ఉంది. పాత హాలు, మెట్ల మీద కాలేజీ మొత్తం నిలబడుతుంది. ఫ్లాష్ వేస్తే ముందు వరస కళ్ళద్దాలన్నీ మెరుస్తాయి కాబట్టి ఫ్లాష్ వెయ్యకూడదు. కదలని చెయ్యి కావాలి. ఏటా ఆ పని అక్కదే.

"పోనీ, మన పాత మౌస్ పెట్టుకుని ఈ గొడవ వదిలెయ్యరాదూ" అన్నాడు భర్త భోజనాల దగ్గర.

"మౌస్ మారిస్తే నా చెయ్యి వణికిందని ఒప్పుకున్నట్టే."

"ఆ రెండో స్టాండన్నా వెనక్కి పంపు. ఫోన్‌లోంచి పంపితే పోతుంది కదా."

"ఈ మౌస్ తెచ్చింది. ఈ మౌసే పంపాలి."

పొద్దున్నుంచీ ఆమె ఆ ప్రయత్నంలోనే ఉంది. "వెనక్కి పంపు" నొక్కిన ప్రతిసారీ మౌస్ దాన్ని రద్దు చేస్తోంది. భర్త ఇంకో మాట అనబోయి, ఆమె ముఖం చూసి బ్రేకు వేశాడు.

కానీ ఆయనకు మనసు ఊరుకోలేదు. బుధవారం తమ్ముడు పనిచేసే మందుల షాపుకు వెళ్ళి, నరాల బలానికి ఏవైనా మాత్రలుంటే ఇమ్మని, మీ వదినకు తెలియనివ్వకని చెవిలో చెప్పాడు. మరిది లోపలి అరల దగ్గరికి వెళ్ళి వెతికాడు. రెండు రకాలు దొరికాయి. ఏది ఇవ్వాలో తేలక అక్కడి నుంచే గొంతెత్తి అడిగాడు.

"అన్నయ్యా, వదినకి వణుకు ఒక చేతికా, రెండు చేతులకా?"

షాపు ముందు, దగ్గు మందు కోసం నర్సింగ్ కాలేజీ హాస్టల్ వార్డెన్ నిలబడి ఉంది.

గురువారం ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చారు. వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. అక్కను రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు విడదీసి పెట్టమన్నారు. సంచిలోంచి ఒక తెల్ల కాగితం తీసి వేళ్ళ మీద పరిచారు. వేళ్ళలో కంటికి కనబడని వణుకున్నా కాగితం అంచు పట్టిస్తుందట. కాగితం అంచు రెపరెపలాడింది.

"ఫ్యాను తిరుగుతోంది మేడమ్" అంది అక్క.

"అందరూ ఏదో ఒకటి చెప్తారమ్మా" అన్నారు ప్రిన్సిపాల్. ఆ గొంతులో జాలి ఉంది. రోగులతో మాట్లాడే గొంతు అది.

అత్తగారు లేచి స్విచ్చు దగ్గరికి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకున్నారు. ఈ ఏటికి విశ్రాంతి తీసుకోమన్నారు. పని ఎదురు స్టూడియోకు చెప్పామన్నారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, రెండు స్టాండ్ల వంకా చూసి, ధైర్యంగా ఉండాలన్నారు.

ఎదురు స్టూడియో ఆయన్ను వీధిలో డ్రోన్ అంటారు. ఎగిరే కెమెరా ఒకటి కొన్నాడు, అప్పటి నుంచి కింద నిలబడి ఫోటో తీయడం మానేశాడు. ప్రిన్సిపాల్ అటు వెళ్ళగానే ఆయన ఇటు వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తను అడగలేదని, వాళ్ళే ఇచ్చారని చెప్పాడు. అక్క చెయ్యి కుదుటపడ్డాక ఆ పని మళ్ళీ అక్కదేనని కూడా చెప్పాడు. పోతూ పోతూ, ఆ రెండో స్టాండు అక్కరలేకపోతే తనకు ఇస్తావా అని అడిగాడు.

"శనివారం కాలేజీకి నేనే వెళ్తాను తమ్ముడూ" అంది అక్క. "నువ్వూ రా. వెనక వరసలో నిలబడు. నీ ఫోటో కూడా బాగా తీస్తా."

ఆయన వెళ్ళగానే షట్టర్ సగానికి దించింది. ఫ్యాను ఆపింది. ఏం చెయ్యాలో అత్తగారికీ, అప్పుడే పని నుంచి వచ్చిన భర్తకూ చెప్పింది. వీడియో తీయాలి. ఒకే తడవలో, మధ్యలో కోత లేకుండా తీయాలి. ఆమె చెయ్యీ, మౌసూ, తెరా మూడూ కనబడాలి.

ముందు కెమెరా భర్త చేతికిచ్చింది. తెర మీద చూస్తే గది అంతా పడవలో ఉన్నట్టుంది. వణుకు ఆ ఇంట్లో ఎవరికుందో అప్పుడు తేలింది. ఇక గత్యంతరం లేక ఒక స్టాండు విప్పి కెమెరాను చేతికి గురిపెట్టింది. రెండోది విప్పి పాత కెమెరాను తెరకు గురిపెట్టింది. ఆ రెండు స్టాండ్లకూ మొదటి పని అలా దొరికింది.

గాజు గ్లాసు నిండా, ఇంకొక్క చుక్క పడితే పొర్లేట్టు నీళ్ళు పోయించింది. కుడిచెయ్యి మౌస్ మీద పెట్టి, ఆ చేతి మీద గ్లాసు నిలబెట్టించింది. ఎడమ చెయ్యి చాచి వేళ్ళ మీద కాగితం పెట్టించుకుంది. చూపుడు వేలితో నొక్కింది. అత్తగారు "ఒకటి" అన్నారు. తెర మీద నొక్కుల లెక్క రెండు చూపించింది. ఇంకోసారి నొక్కింది. అత్తగారు రెండన్నారు, తెర నాలుగంది. అలా పోతూనే ఉంది. గ్లాసులో నీటి అంచు అద్దంలా ఉంది. కాగితం ఉలకలేదు. ఒలుకుతాయేమోనని అనిపించినప్పుడల్లా భర్త కుడికాలు నేలను తొక్కుతోంది. అత్తగారు ఇరవై అనే సరికి తెర మీద నలభై.

అక్క కాగితం పక్కన పెట్టింది. గ్లాసు తీసి నీళ్ళు తాగేసింది. కెమెరా వంక చూసింది.

"చెయ్యి నాది. వణుకు మీది."

ఫోన్‌లోంచి రెండు కెమెరాల్లోవీ పక్కపక్కన చేర్చిన ఆ వీడియోను కంపెనీ జవాబు కిందే పెట్టి, స్టూడియో మూసి ఇంటికి వెళ్ళింది.

శుక్రవారం పొద్దునకల్లా తుపాకుల ఆట ఆడేవాళ్ళంతా అక్కడ చేరారు. వాళ్ళెవరూ మౌస్ గురించి అడగలేదు. చెయ్యి గురించి అడిగారు. ఏ ఆట ఆడతావక్కా అని ఒకరు. మా జట్టులోకి వస్తావా అని ఇంకొకరు. అంత నిలకడ రావాలంటే ఏం తినాలని మరొకరు. కొందరు తామూ చేతి మీద గ్లాసు పెట్టుకుని ప్రయత్నించి, కీబోర్డుల మీద నీళ్ళు ఒలకబోసుకున్నారు. ఆ ఫిర్యాదులు కూడా ఆ కంపెనీకే వెళ్ళాయి. మా మౌస్ కూడా ఇలాగే నొక్కుతోందని ఒకరిద్దరు రాశారు గానీ, ఆ సందడిలో వాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రానికి కంపెనీ దిగొచ్చింది. లోపం తమ మౌస్‌దేనని రాసింది. స్టూడియో వారి చెయ్యి వణకదని రాసింది. కొత్త మౌస్ పంపుతున్నామని, ఆ రకం కొన్నవాళ్ళెవరైనా వెనక్కి పంపవచ్చని, స్టూడియో వారి పేరున తామే ఒక ఫిర్యాదు తెరిచి ఉంచామని రాసింది. అత్తగారు టైలర్‌ను పనిగట్టుకుని పిలిపించి, కుర్చీ వేసి, చివరి అక్షరం దాకా ఒకే గొంతుతో చదివి వినిపించారు. చీకటి పడే వేళకు ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. "ఫ్యాను తిరుగుతోందని మీరు చెప్పారు. నేనే వినలేదు. రేపు రండి" అన్నారు.

శనివారం అక్క రెండు స్టాండ్లూ భుజాన వేసుకునే కాలేజీకి వెళ్ళింది. హాల్లో అందరూ చూస్తుండగా వాటిని విప్పి ఒక పక్కన నిలబెట్టింది. నర్సులు తమ చేతి సంచులన్నీ వాటికి తగిలించారు. అక్క కెమెరా చేత్తో పట్టుకుని, మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కింది. డ్రోన్ కూడా వచ్చాడు. వెనక వరసలో నిలబడ్డాడు. అంత పెద్ద ఫోటోలో ఆయనొక్కడే కదిలాడు.

ఆదివారం నలుగురూ స్టూడియోలో కలిశారు. అక్క కెమెరాను స్టాండెక్కించింది. అత్తగారికీ భర్తకూ కుర్చీలు వేసింది. మరిది మాత్రం కంప్యూటర్ దగ్గర నుంచి లేవలేదు. కొత్త మౌస్ అప్పుడే వచ్చింది. పెట్టె విప్పి తగిలించిందీ అతనే. ఈ ఒక్క ఆటా అయిపోనీ వదినా అన్నాడు. నువ్వు ఉన్నచోటే ఇటు తిరుగు, అలాగే తీస్తానంది అక్క. టైమర్ నొక్కి, వచ్చి భర్త పక్కన నిలబడింది. కెమెరా టిక్కు టిక్కుమంటోంది.

"ఈ కొత్త మౌస్ ఏం బాగాలేదు వదినా" అన్నాడు మరిది ఇటు తిరుగుతూ. "పాతదానికి నేను సెట్టింగ్ పెట్టుకున్నా. ఒకసారి నొక్కితే రెండు తూటాలు పోయేవి. దీనికి మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోవాలి."

కెమెరా ఫోటో తీసేసింది. అందులో అత్తగారి నోరు తెరిచి ఉంది. భర్త కుడికాలు నేలను తొక్కుతోంది. మరిది నవ్వుతున్నాడు. అక్క అతని వైపు సగం దూరం వెళ్ళిపోయింది. అక్క కదిలిన ఫోటో లోకంలో అదొక్కటే.

ఎప్పుడు పెట్టావని అడిగింది. పోయిన ఆదివారమని, ఆట కాగానే తీసేద్దామనుకుంటే అన్నయ్య భోజనానికి పిలిచాడని చెప్పాడు. కంప్యూటర్ ఆపినా అది పోదట. మౌస్ కడుపులోనే ఉండిపోతుందట.

"వారం నుంచి ఇంత గొడవ జరుగుతుంటే నీకు తట్టలేదురా?" అన్నాడు భర్త.

"నువ్వొచ్చి వణుకన్నావు, నేను మాత్రలు వెతికాను. వీడియో కూడా చూశాను అన్నయ్యా. అందరిలాగే నేనూ వదిన చెయ్యే చూశాను."

ముందు భర్త తేరుకున్నాడు. ఇప్పుడు దీన్ని కదపొద్దన్నాడు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారన్నాడు. అత్తగారు కూడా కొడుకు పక్షమే చేరారు. వచ్చిన క్షమాపణను ఎవరైనా వెనక్కి ఇస్తారా అని అడిగారు. నిజం చెబితే వీధి మళ్ళీ మొదటికి వస్తుందని, ప్రిన్సిపాల్ ఏమనుకుంటారోనని భర్త అన్నాడు.

"నా చెయ్యి చూడకుండా వాళ్ళు మాటన్నారు. మౌస్ సంగతి తెలిసి కూడా నేను నోరు మూసుకుంటే, వాళ్ళకంటే నేను ఎందులో ఎక్కువ?" అంది అక్క.

"పరువు పోతుందేమోనే" అన్నాడు భర్త.

"పోతే నాదే కదా పోయేది. ఒకసారి తెచ్చుకున్నా, ఇంకోసారి తెచ్చుకుంటా."

కొత్త మౌస్‌ను కూడా నమ్మలేదు. ఫోన్ తీసుకుని స్టూలు మీద కూర్చుని రాసింది. మీ మౌస్‌లో లోపం లేదు. మా మరిది ఆట కోసం పెట్టిన సెట్టింగ్ అది. నా ఫిర్యాదు మూసెయ్యండి. నా చెయ్యి వణకదని మీరు రాసింది మాత్రం అలాగే ఉంచండి, అది నిజమే కాబట్టి. బొటనవేలితో ఒకసారి నొక్కి పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. "మీ నిజాయితీకి కృతజ్ఞతలు. మీ ఫిర్యాదు మూసేస్తున్నాం." ఫిర్యాదు పక్కన "మూసివేశారు" అని పడింది. అక్క ఊపిరి వదిలేలోపే అది "మళ్ళీ తెరిచారు" అని మారింది.

దాని కింద ఇంకో జవాబు వచ్చింది. మొదటిదే, అక్షరం తేడా లేదు. మూసివేశారు. మళ్ళీ తెరిచారు. మూడో జవాబు వచ్చింది. మూసివేశారు. మళ్ళీ తెరిచారు. భర్త వంగి చూశాడు. మరిది ఆట ఆపి వచ్చి చూశాడు. అక్కడ "మూసెయ్యి" అన్న చోటే నొక్కగానే "తెరువు" అని వస్తుందేమో, మన పూలగుత్తి లాగే, అన్నాడు.

"వాళ్ళ ఉద్యోగులందరూ అదే మౌస్ వాడతారని రాశారు కదమ్మాయ్" అన్నారు అత్తగారు. ఆ మొదటి జవాబు ఆవిడకు కంఠతా వచ్చేసింది.

"వాళ్ళ మౌస్‌కి నేనేం సెట్టింగ్ పెట్టలేదు వదినా" అన్నాడు మరిది.

అక్క ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. అవతల ఎవరో ఆదివారం పూట ఆ ఫిర్యాదును మూస్తూనే ఉన్నారు, అది తెరుచుకుంటూనే ఉంది. అత్తగారి వైపు తిరిగి, ఆ జవాబులో ఆఖరి మాటలు ఒకసారి చెప్పమంది. అత్తగారు చెప్పారు. అక్క వాటిని ఉన్నవి ఉన్నట్టు రాసి పంపింది.

"వయసు రీత్యా గానీ, అలసట వల్ల గానీ మీ చెయ్యి వణుకుతూ ఉండవచ్చు. డాక్టరుకు చూపించుకోగలరు."